భూగర్భశాస్త్రంలో ‘ఉత్థానం’: అర్థం, వాడే తీరు

‘ఉత్థాన పతనాలు’ అనే జంటపదం తెలియని తెలుగు పాఠకుడు ఉండడు. రాజ్యాల గురించి, తారల గురించి, షేర్ మార్కెట్ గురించి రాసేటప్పుడు అది అలవోకగా దొర్లిపోతుంది. అదే ‘ఉత్థానం’ పర్వతాల పాఠంలోకో భూకంపం వార్తలోకో వచ్చేసరికి రాసేవారి చేయి తడబడుతుంది. భూగర్భశాస్త్రంలో ‘అప్‌లిఫ్ట్’ అనే మాటకు మనం వాడుతున్న ఈ పదానికి స్థూలార్థం చెప్పడం కష్టమేమీ కాదు: నేల గానీ, నేల కింది శిలలు గానీ మునుపు ఉన్న చోటు కంటే పైకి రావడం. ఆ పదాన్ని వాక్యంలో పెట్టినప్పుడు మాత్రం ఏది లేచింది, దేనితో పోలిస్తే లేచింది, ఎంత కాలంలో ఎంత లేచింది అనే మూడు ప్రశ్నలకు జవాబు ఆ వాక్యంలోనో దాని పక్కనో దొరకాలి. దొరకకపోతే పదం ఎంత గంభీరంగా ఉన్నా పాఠకుడికి తెలిసింది శూన్యం. పరీక్షకు జవాబు రాసే విద్యార్థి, శాస్త్ర వ్యాసాన్ని తెలుగు చేసే అనువాదకుడు, వార్త రాసే విలేకరి ఈ మాటను ఎలా పట్టుకోవాలో ఇక్కడ వివరంగా చెప్పుకుందాం.

ముందు రాత సంగతి

ఇది ‘త’కు ‘థ’ వత్తు ఉన్న మాట. సంస్కృతంలో ‘ఉత్’ అనే ఉపసర్గ ‘స్థా’ ధాతువుతో కలిసినప్పుడు నడుమనున్న సకారం లోపించి ‘ఉత్థానం’ ఏర్పడింది. లేచి నిలబడటం అని దాని మూలార్థం. విష్ణువు యోగనిద్ర నుంచి లేచే రోజు కనుకనే కార్తీక శుద్ధ ఏకాదశికి ఉత్థాన ఏకాదశి అని పేరు వచ్చింది. ‘త’కు ‘త’ వత్తే ఇస్తే అది ‘ఉత్తానం’ అనే వేరే మాట అవుతుంది. చాచినది, వెల్లకిలా ఉన్నది అని దాని అర్థం. పశ్చిమోత్తానాసనంలో ఉన్నదీ, ధ్రువుడి తండ్రి ఉత్తానపాదుడి పేరులో ఉన్నదీ ఈ రెండో మాటే. కాబట్టి ‘హిమాలయాల ఉత్తానం’ అని రాసినవారు హిమాలయాలను వెల్లకిలా పడుకోబెట్టినట్టు లెక్క. ఈ తప్పు అచ్చులో తరచుగా కనిపిస్తుంది.

క్రియ విషయంలోనూ కొంత జాగ్రత్త అవసరం. ‘ఆ ప్రాంతం ఉత్థానం చెందింది’, ‘ఉత్థానానికి లోనైంది’ అన్నవి తెలుగులో ఇమిడే ప్రయోగాలు. ‘ఉత్థానం చేయబడింది’ అనేది అనువాదపు వాసన కొట్టే ప్రయోగం; ఎవరో జాకీ పెట్టి లేపినట్టు వినిపిస్తుంది. నామటుకు నేను పారిభాషిక పదాన్ని ఒకసారి పరిచయం చేసిన తరువాత ‘నేల లేచింది’, ‘తీరం మీటరు మేర పైకి వచ్చింది’ అని తేట క్రియలతోనే నడుస్తాను. శిలాద్రవం చేరి నేల పొంగిన చోట ‘ఉబ్బింది’ అనే మాట ఇంకా చక్కగా అమరుతుంది. దీనికి వ్యతిరేకార్థం కావలసినప్పుడు ‘పతనం’ అనకూడదు. చరిత్ర రచనలో ఉత్థానానికి జంట పతనం కావచ్చు గానీ, నేల విషయంలో దాని జంట ‘కుంగుబాటు’. ‘నికోబార్ తీరం పతనమైంది’ అని చదివితే అక్కడేదో ప్రభుత్వం కూలిందనుకుంటారు.

ఇరుగుపొరుగు పదాలతో కలిపేయడం మరో ఇబ్బంది. ‘ఉద్గారం’ అంటే లోపలి నుంచి వెలువడటం. అగ్నిపర్వతం నుంచి వాయువులు వెలువడితే ఆ మాట వాడాలి. ‘ఉద్ధృతి’ వరదకు చెందిన మాట. ఒకసారి లేచి, అరిగిపోయి, మళ్లీ లేచిన కొండల గురించి రాస్తూ ‘పునరుత్థానం’ అంటే వ్యాకరణం ఒప్పుకుంటుంది కానీ, తెలుగు పాఠకుడికి ముందుగా ఈస్టర్ పండుగే గుర్తుకు వస్తుంది. అక్కడ ‘మళ్లీ ఉత్థానం చెందాయి’ అని విడదీసి రాస్తే ఏ గొడవా ఉండదు. ఇక పాఠ్యపుస్తకాల్లోని ‘పర్వతోద్భవ చలనాలు’, ‘ఖండోద్భవ చలనాలు’ అనేవి ఉత్థానానికి పర్యాయపదాలు కావు. మొదటిది శిలలను అడ్డంగా నొక్కి ముడుతలు పడేసి పర్వతాలను పుట్టించే ప్రక్రియ. రెండోది విశాలమైన భూభాగాన్ని పెద్దగా ముడుతలు పడకుండానే నిలువుగా లేపడమో దించడమో చేసే ప్రక్రియ. ఆ రెండింటిలోనూ ఉత్థానం ఒక ఫలితంగా కనిపిస్తుంది.

దేనితో పోలిస్తే లేచింది?

రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫాం చివర ఉండే పసుపు బోర్డును ఒకసారి పరికించి చూడండి. ఊరి పేరు కింద చిన్న అక్షరాలలో సగటు సముద్రమట్టం నుంచి ఆ స్టేషన్ ఎంత ఎత్తున ఉందో మీటర్లలో రాసి ఉంటుంది. ‘ఇంత ఎత్తు’ అని వదిలేయకుండా దేని నుంచి కొలిచారో కూడా చెప్పడం ఆ బోర్డు నేర్పే క్రమశిక్షణ. మన దేశంలో ఎత్తుల కొలతకు ఆధారంగా 1909లో స్థిరపరచిన మట్టం తొమ్మిది రేవుల దగ్గర ఆటుపోట్లను ఏళ్ల తరబడి గమనించి కట్టినది. ఆ తొమ్మిదింటిలో విశాఖపట్నం ఒకటి. ఎత్తు చెప్పడానికే ఇంత ఆధారం కావలసి వస్తే, ఎత్తులో మార్పు చెప్పడానికి ఇంకెంత కావాలి?

చిక్కు ఎక్కడంటే, సముద్రమట్టం కూడా కదులుతుంది. సుమారు 20,000 సంవత్సరాల క్రితం, గత హిమయుగం ఉధృతంగా ఉన్నప్పుడు, సముద్రాల నీరు మంచు రూపంలో ఖండాల మీద పేరుకుపోవడం వల్ల సముద్రమట్టం నేటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి ఉండేది. అప్పటి మన కోస్తా నేటి గట్టుకు చాలా దూరాన, ఇప్పుడు నీళ్ల కింద ఉన్న చోట ఉండేది. అంతమాత్రాన ఆ రోజుల్లో ఆంధ్ర తీరం ఉత్థానం చెందిందని రాస్తే తప్పు. తగ్గింది నీరు, లేచింది నేల కాదు. ఒడ్డుకు ఎగువన పాత తీరపు ఆనవాళ్లు కనబడినప్పుడు ఈ రెండింటిలో ఏది జరిగిందో తేలేవరకు ‘సముద్రంతో పోలిస్తే నేల ఎత్తు పెరిగింది’ అని రాయడమే నిజాయతీ.

ఈ తికమక శాస్త్రవేత్తలకే చాలాకాలం తప్పలేదు. స్వీడన్ తీరంలో రేవులు మెరకవడం, ఒకప్పుడు సీల్ జంతువులు ఎక్కి పడుకునే బండలు నీటికి అందనంత ఎత్తున మిగిలిపోవడం చూసిన ఆండర్స్ సెల్సియస్, 1731లో యేవ్లే పట్టణం దగ్గరి ఒక దీవిలో అటువంటి బండ మీద నీటిమట్టం దగ్గర గీత చెక్కించాడు. ఉష్ణోగ్రత కొలమానానికి పేరిచ్చిన సెల్సియసే ఈయన. సముద్రపు నీరు తగ్గుతోందని ఆయన నమ్మాడు. గీత మంచిదే, భాష్యమే తప్పింది. నిజానికి అక్కడ లేస్తున్నది నేల. కిలోమీటర్ల మందాన పరుచుకున్న మంచు బరువుకు కుంగిన భూపటలం (భూమి పై పెంకు), ఆ మంచు కరిగిపోయి వేల ఏళ్లయినా ఇంకా తేరుకుంటూనే ఉంది. బోత్నియా సింధుశాఖ ఉత్తర తీరాన ఆ వేగం నేటికీ ఏడాదికి 8 నుంచి 9 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. స్వీడన్‌లోని హై కోస్ట్ దగ్గర మంచు పోయాక తొలి అలలు తాకిన గట్టు ఇప్పుడు సముద్రానికి 286 మీటర్ల ఎత్తున, అడవి నడుమ ఉంది.

ఇంకో చోట నేల పైకీ కిందికీ రెండు వైపులా కదిలింది. ఇటలీలో నేపుల్స్ దగ్గరి పొజ్జువోలి పట్టణంలో రోమన్ల నాటి కట్టడంలో మూడు పాలరాతి స్తంభాలు నిలబడి ఉన్నాయి. వాటి మొదళ్లు నున్నగా ఉండి, మనిషి తలకు పైన ఉన్న భాగంలో మాత్రం జల్లెడలా చిల్లులు కనిపిస్తాయి; అవి సముద్రపు ఆల్చిప్పల జాతి జీవులు తొలిచినవి. అంటే స్తంభాలు కట్టిన తరువాత నేల కుంగి అవి సముద్రంలో మునిగాయి, తరువాత నిలువునా అలాగే లేచి బయటపడ్డాయి. భూగర్భశాస్త్రవేత్త ఛార్లెస్ లయెల్ 1830లో తన గ్రంథానికి ముఖచిత్రంగా ఈ స్తంభాలనే ఎంచుకున్నాడు. ఆ పట్టణం అగ్నిపర్వత ముఖద్వారంలోనే ఉన్నందున అక్కడి నేల ఇప్పటికీ ఉబ్బుతూ కుంగుతూ ఉంటుంది. 1982 నుంచి 1984 వరకు రెండేళ్లలోనే సుమారు 1.8 మీటర్లు లేచింది.

పోలిక మరచిపోతే వచ్చే తప్పు ఖండ పర్వతాల పాఠంలోనూ ఉంది. భ్రంశాల మధ్య, అంటే శిలలు పగిలి జరిగిన చోట్ల మధ్య, దిమ్మెలా నిలిచిన కొండలివి. రైన్ నదికి ఇరువైపులా ఉన్న వోజ్, బ్లాక్ ఫారెస్ట్ కొండలను చూపి ‘భ్రంశాల మధ్య ఖండం పైకి లేచింది’ అని ఒక్క మాటలో ముగిస్తారు. వాటి నడుమ లోయ దిగిందన్నది కూడా అంతే ముఖ్యం. మన గోదావరి లోయలో సింగరేణి బొగ్గు పొరలు కోట్ల ఏళ్లుగా కోతకు చిక్కకుండా నిలిచి ఉన్నాయంటే, భ్రంశాల మధ్య ఆ పట్టీ కిందికి దిగడమే కారణం. దిగిన దాని పక్కన నిలబడినది లేచినట్టే కనిపిస్తుంది.

లేచింది నేలా, రాయా?

ఈ పదం వాడకంలో అన్నిటికంటే లోతైన మెలిక ఇదే. ఫిలిప్ ఇంగ్లండ్, పీటర్ మోల్నార్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1990లో ఒక చిన్న వ్యాసం రాసి, తోటి భూగర్భశాస్త్రవేత్తలే మూడు వేర్వేరు సంగతులను ‘ఉత్థానం’ అనే ఒక్క గంపలో వేస్తున్నారని ఎత్తి చూపారు. మొదటిది భూతల ఉత్థానం, అంటే నేల పైభాగపు సగటు ఎత్తు పెరగడం. రెండోది శిలల ఉత్థానం, అంటే లోపల ఉన్న ఒక రాతి ముక్క పైకి కదలడం. మూడోది శిలలు బయల్పడటం, అంటే మీద ఉన్న భారం కొట్టుకుపోవడం వల్ల లోపలి రాయి నేల పైభాగానికి దగ్గర కావడం. శిలల ఉత్థానం నుంచి బయల్పడిన మేరను తీసివేస్తే మిగిలేదే భూతల ఉత్థానం. ఒక ప్రాంతంలో శిలలు 5 కిలోమీటర్లు పైకి వచ్చి, అదే కాలంలో 4 కిలోమీటర్ల మందం క్రమక్షయానికి (గాలికి, నీటికి అరిగి కొట్టుకుపోవడానికి) పోతే, అక్కడి నేల ఎత్తు పెరిగింది ఒక్క కిలోమీటరే. పోయినది కూడా 5 కిలోమీటర్లే అయితే కొండ ఎత్తులో మార్పే ఉండదు, లోపలి రాయి మాత్రం బయటికొచ్చి ఎండ చూస్తుంది.

దీన్ని చేత్తో తాకి చూడాలంటే విశాఖపట్నం వెళితే చాలు. కైలాసగిరి, సింహాచలం కొండలలో కనిపించే, తుప్పు రంగుతో చారలు చారలుగా ఉన్న రాయి పేరు ఖొండలైట్; తూర్పు కనుమల్లోని ఖోండు గిరిజనుల పేరు మీద దానికి ఆ పేరు పెట్టారు. దాని మీద అక్కడక్కడ ఎర్రటి గింజలు పొదిగినట్టు కనిపిస్తాయి. అవి గార్నెట్ స్ఫటికాలు. ఆ గింజలు, వాటితో పాటు ఉండే సిల్లిమనైట్ సూదులు ఏర్పడాలంటే ఎంతో వేడి, ఎంతో ఒత్తిడి ఉండాలి. అది నేలకు పదుల కిలోమీటర్ల అడుగున, సుమారు వంద కోట్ల సంవత్సరాల క్రితం జరిగిన పని. అంత లోతున పుట్టిన రాయి ఈ రోజు సముద్రపు గాలికి ఆరుతోందంటే శిలల ఉత్థానం పదుల కిలోమీటర్ల మేర జరిగినట్టే. అంతమాత్రాన విశాఖ కొండలు ఒకనాడు పదుల కిలోమీటర్ల ఎత్తున ఉండేవని కాదు. లేస్తున్న కొద్దీ పైభాగం అరిగిపోతూ వచ్చింది. అరిగినది ఎక్కడికి పోయిందో కొంత చూడాలంటే భీమిలి దగ్గర ఇసుకను గుప్పిట్లోకి తీసుకోండి. నల్లటి ఇల్మనైట్ రేణువుల మధ్య ఎర్రగా మెరిసేవి అవే గార్నెట్ గింజలు. ఈ ఉదాహరణ గురించి రాసేటప్పుడు ‘తూర్పు కనుమలు పదుల కిలోమీటర్లు ఉత్థానం చెందాయి’ అని రాయకండి. ‘తూర్పు కనుమల శిలలు పదుల కిలోమీటర్ల లోతు నుంచి బయల్పడ్డాయి’ అని రాయండి.

క్రమక్షయం కొండను పొట్టిగా చేస్తుంది గదా, అదే శిలల ఉత్థానానికి ఎలా తోడ్పడుతుందని విద్యార్థులు అడుగుతారు. రేవులో బస్తాలతో నిండిన పడవను తలచుకుంటే విషయం తేలిపోతుంది. బస్తాలు దించేస్తున్న కొద్దీ పడవ నీటిలో నుంచి పైకి తేలుతుంది, కానీ దించిన బస్తాల ఎత్తంత తేలదు. సాంద్రత తక్కువైన భూపటలం కూడా తన కింది బరువైన భూప్రావారం మీద అలాగే తేలుతూ ఉంటుంది. భూపటలపు సాంద్రతను 2.7 గానూ ప్రావారపు సాంద్రతను 3.3 గానూ తీసుకుంటే, ఒక విశాలమైన ప్రాంతం నుంచి 1,000 మీటర్ల రాయి కొట్టుకుపోయినప్పుడు కింది శిలలు సుమారు 820 మీటర్లు పైకి వస్తాయి, నేల సగటు ఎత్తు 180 మీటర్లు మాత్రమే తగ్గుతుంది. సగటు అన్న మాటను ఇక్కడ వదలకూడదు. నదులు లోయలను మాత్రమే లోతుగా కోసి శిఖరాలను పెద్దగా ముట్టకపోతే, సగటు తగ్గుతూనే శిఖరం కొంత పెరిగే అవకాశం ఉంటుంది.

ఎంత కాలంలో?

లెక్క కట్టడానికి ఒక సూత్రం గుర్తుంచుకుంటే చాలు: ఏడాదికి 1 మిల్లీమీటరు అంటే 10 లక్షల సంవత్సరాలకు 1 కిలోమీటరు. గోరు పెరిగే వేగం కంటే చాలా తక్కువైన కదలిక హిమాలయాలంతటి వాటిని ఎలా లేపిందో ఈ ఒక్క లెక్క చెబుతుంది. భారత పలక ఆసియాను తాకడం మొదలై సుమారు 5 కోట్ల సంవత్సరాలైంది. ఎవరెస్టు శిఖరాన ఉన్నది సముద్రపు అడుగున పేరుకున్న సున్నపురాయి. అందులో సముద్రజీవుల శిలాజాలు ఉన్నాయి. అయితే ఈ సూత్రాన్ని ఎడాపెడా వాడితే మునుపటి విభాగంలోని తప్పులోకే జారతాం. శిలల వేగాన్ని కాలంతో గుణించి వచ్చిన అంకెను కొండ ఎత్తు అనుకోకూడదు.

నెమ్మదిగా సాగే ఉత్థానానికి ‘చెందుతోంది’ అనే వర్తమానం సరిపోతుంది. భూకంపంలో క్షణాల మీద జరిగిన దానికి ‘లేచింది’ అనే భూతకాలమే తగును, తేదీ కూడా ఇవ్వాలి. 1835 ఫిబ్రవరి 20న చిలీలో కాన్సెప్సియన్ భూకంపం వచ్చిన తరువాత, శాంటా మారియా దీవి తీరం రెండు మూడు మీటర్ల మేర లేచి ఉండటాన్ని బీగిల్ నౌక కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ కొలిచాడు. బండలకు ఇంకా అంటుకునే ఉండి కుళ్లుతున్న ఆల్చిప్పలు ఆ నౌకలో ప్రయాణిస్తున్న డార్విన్‌కు సాక్ష్యమయ్యాయి. 1964 మార్చి 27న అలాస్కా భూకంపంలో మాంటేగ్ దీవిలో కొన్ని చోట్ల నేల 10 మీటర్లకు పైగా లేచింది.

మన దేశంలోని ఉదాహరణలకు 2004 డిసెంబర్ 26 కంటే దగ్గరిది లేదు. ఆ రోజు భూకంపంలో ఉత్తర అండమాన్ పశ్చిమ తీరం మీటరుకు పైగా లేచి, ఎప్పుడూ నీటిలో ఉండే పగడపు దిబ్బలు గాలికి బయటపడి చచ్చిపోయాయి. అదే రోజు, అదే ద్వీపమాలకు దక్షిణపు కొసన ఉన్న ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగి, అక్కడి దీపస్తంభం మొదలు సముద్రంలో మునిగింది. తెలుగువారు ఎందరో స్థిరపడిన పోర్ట్ బ్లెయిర్ కూడా కుంగినదే. కనుక ‘భూకంపంలో అండమాన్ నికోబార్ ఉత్థానం చెందింది’ అని రాసినా, ‘కుంగింది’ అని రాసినా సగం అబద్ధమే. దీవి పేరు, తీరం పేరు చెప్పితీరాలి. 1819 జూన్ 16న కచ్ భూకంపంలోనూ ఇంతే. 80 కిలోమీటర్లకు పైబడిన పొడవున నేల గట్టులా లేచింది, దానికి దక్షిణాన సింద్రీ కోట నీట మునిగింది. మనుషులు కట్టిన కట్టల నుంచి వేరు చేసి చెప్పడానికి స్థానికులు ఆ గట్టును అల్లా బంద్, అంటే దేవుడి కట్ట అన్నారు. పారిభాషిక పదాలేవీ లేకుండానే ఏది, ఎవరి వల్ల అన్నవి రెండూ ఆ రెండు మాటల్లో చెప్పేశారు.

చివరగా రెండు వాక్యాలను దిద్ది చూద్దాం. ‘2015 నేపాల్ భూకంపంతో హిమాలయాలు ఉత్థానం చెందాయి’ అనేది మొదటిది. ఆ ఏడాది ఏప్రిల్ 25న లేచింది కాఠ్మాండూ లోయ పరిసరాలు, సుమారు ఒక మీటరు. దానికి ఉత్తరాన ఉన్న ఎత్తైన పర్వత భాగం కొంత కుంగింది. కాబట్టి ‘కాఠ్మాండూ పరిసరాల్లో నేల సుమారు మీటరు లేచింది, ఉత్తరాన ఉన్న ఎత్తైన హిమాలయాలు కొంత దిగాయి’ అని రాయాలి. రెండోది ‘ఎవరెస్టు 65 ఏళ్లలో 86 సెంటీమీటర్లు ఉత్థానం చెందింది’ అన్నది. 1955లో సర్వే ఆఫ్ ఇండియా తేల్చిన ఎత్తు 8,848 మీటర్లు, 2020 డిసెంబర్‌లో నేపాల్, చైనా కలిసి ప్రకటించినది 8,848.86 మీటర్లు, తీసివేత సరైనదే. కానీ రెండు కొలతలకూ వాడిన పరికరాలు వేరు, పద్ధతులు వేరు, సముద్రమట్టాన్ని లెక్కగట్టిన తీరు వేరు. ఆ తేడాలో కొండ ఎంత లేచిందో, కొలత ఎంత మెరుగుపడిందో విడదీయలేం. అందుచేత అక్కడ ‘ఉత్థానం’ అనే మాటను పూర్తిగా పక్కన పెట్టి, ‘కొత్త కొలత ప్రకారం ఎవరెస్టు ఎత్తు 8,848.86 మీటర్లు’ అని రాసి ఊరుకోవాలి.